తామర పురుగులు: మందు కొట్టినా వైరస్ ఎందుకు ఆగడం లేదు?

మొవ్వాకు:
అందరికీ నమస్కారం. నా టమాటా మొక్కలు మోకాలెత్తు వచ్చాయి, పూత మొదలైంది. ఈ మధ్య కొన్నింట్లో కొస చిగుళ్లు కంచు రంగుకి తిరుగుతున్నాయి, లేత ఆకుల మీద సన్నటి నల్ల చుక్కలు బోలెడన్ని పడుతున్నాయి. తర్వాత చిగురు ఒక పక్కకి వాలి మాడిపోతోంది. తెల్ల కాగితం మీద పూలు దులిపి చూస్తే లేత పసుపు, గోధుమ రంగుల్లో సన్నటి పురుగులు పరుగెత్తాయి. తామర పురుగులే అని తెలిసింది. మందు కొట్టాను. మళ్లీ దులిపితే ఒకటీ అరా తప్ప కనపడలేదు. కానీ జబ్బు ఆగలేదు, కొత్త మొక్కలకి వస్తూనే ఉంది. పురుగు తగ్గాక తెగులు ఎలా పెరుగుతోంది? మందు మార్చాలా, మోతాదు పెంచాలా? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పొలంగట్టు:
ముందు అది వైరస్సేనా కాదా తేల్చుకోండి. టమాటా ఆకు మీద చుక్క కనపడగానే ఆకుమచ్చ తెగులు అనుకుని శిలీంద్రనాశకాలు కొట్టేవాళ్లు చాలామంది. ఆకుమచ్చ ముదురు ఆకుల్లో, కింది నుంచి మొదలై పైకి పాకుతుంది. మచ్చలో గుండ్రటి వలయాలు కనపడతాయి. తామర పురుగు తెచ్చే వైరస్ దీనికి ఎదురు, లేత ఆకుల్లో, పైనుంచి మొదలవుతుంది. మీకు ఎక్కడ మొదలైంది? కాయలు పడిన మొక్కలు ఉంటే వాటి మీద ఏమైనా గుర్తులు ఉన్నాయా?

మొవ్వాకు:
పైనుంచే అండీ. కింది ఆకులు శుభ్రంగా ఉన్నాయి. ముందు నాటిన రెండు మొక్కలకి కాయలున్నాయి. పచ్చికాయ మీద వెలిసినట్టు లేత రంగు ఉంగరాలు ఒకదాని లోపల ఒకటి ఉన్నాయి. ఒక కాయ పండింది, అందులో ఆ ఉంగరాలు పసుపు రంగులో ఉండిపోయాయి, మిగతాదంతా ఎర్రగా మారింది.

సూక్ష్మదర్శిని:
మీరు చెప్పిన కంచు రంగు చిగురు, ఒక పక్క వాలడం, కాయ మీద ఉంగరాలు, ఇవన్నీ కలిపి చూస్తే ఆర్థోటోస్పోవైరస్, అంటే తామర పురుగులు మోసే వైరస్‌ల జాతి, అనే అనుకోవాలి. టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ ఈ జాతిలో అందరికీ తెలిసినది. వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ కూడా ఇందులోదే, అదీ టమాటాకి వస్తుంది. కంటితో చూసి ఏదని విడమరచలేం, ల్యాబ్‌లో ఎలైజా పరీక్షో, ఆకు రసంతో చేసే స్ట్రిప్ పరీక్షో చేయాలి. మీరు చేయాల్సిన పని మాత్రం రెండింటికీ ఒకటే.

మీ అసలు ప్రశ్నకి వస్తాను. దీని కీలకం పురుగు వయసులో ఉంది. గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్ల పురుగు జబ్బు మొక్క మీద రసం పీలిస్తేనే ఆ పురుగు వైరస్‌ని మోయగలదు. వేడి వాతావరణంలో ఆ లేత దశ ఒకటి రెండు రోజులే. వైరస్ దాని పేగులోకి వెళ్లి, అక్కడ పెరిగి, లాలాజల గ్రంథులకు చేరుతుంది. పిల్ల పెద్దదై, నేలలో ప్యూపా దశ గడిపి, రెక్కలొచ్చి ఎగిరేదాకా వైరస్ దాని ఒంట్లోనే ఉంటుంది, సంఖ్య పెంచుకుంటూ ఉంటుంది. అక్కడి నుంచి బతికున్నన్నాళ్లూ ఆ పురుగు ఏ మొక్కని గుచ్చినా వైరస్ అంటించగలదు. దానికి కొద్ది నిమిషాల మేత చాలు.

మరి రెక్కలొచ్చాక మొదటిసారి జబ్బు మొక్క మీద వాలిన పురుగు సంగతి? అది రసం తాగినా వైరస్ లాలాజల గ్రంథుల దాకా చేరదు. ఆ పురుగు వల్ల జబ్బు పాకదు. తల్లి నుంచి గుడ్డుకి కూడా వైరస్ వెళ్లదు. ప్రతి తరంలోనూ పిల్లలు కొత్తగా అంటించుకోవాల్సిందే.

ఇప్పుడు మీ తోట చూడండి. మీరు కొట్టిన మందు ఆకుల మీద ఉన్నవాటిని చంపింది, నిజమే. కానీ బయట ఏదో కలుపు మొక్క మీద పుట్టి, వైరస్ మోసుకుని గాలివాటున వచ్చి వాలిన రెక్కల పురుగు మందు తగిలి చచ్చేలోపే నాలుగు చోట్ల గుచ్చేస్తుంది. ఆ గుచ్చుడు చాలు. మొక్కలో జబ్బు బయటపడటానికి వారం నుంచి మూడు వారాల దాకా పడుతుంది. ఈ రోజు వాలిపోయిన మొక్క మీరు మందు కొట్టకముందే అంటించుకుని ఉండొచ్చు. మోతాదు పెంచితే ఇందులో ఏదీ మారదు.

చిగురు:
మంచి వివరం సూక్ష్మదర్శిని గారూ. ఒక సందేహం. తెల్లదోమ, పేనుబంక కూడా వైరస్‌లు తెస్తాయి కదా, వాటిలో పెద్దవే అంటిస్తాయని విన్నాను. ఇది అలా కాదా?

సూక్ష్మదర్శిని:
కాదండీ. తెల్లదోమ పెద్దదయ్యాక కూడా జబ్బు మొక్క నుంచి వైరస్ తీసుకుని ఆరోగ్యంగా ఉన్న మొక్కకి ఇవ్వగలదు. పేనుబంక మోసే వైరస్‌లలో చాలావరకు నోటి కొసకి అంటుకుని, రెండు మూడు గుచ్చుళ్లకే వదిలిపోతాయి. తామర పురుగు, ఆర్థోటోస్పోవైరస్ సంబంధం ప్రత్యేకమైనది. పురుగుకి కూడా అది ఒక రకంగా సోకినట్టే. 2011లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒక సంగతి చూపించారు. వైరస్ సోకిన మగ పురుగులు, సోకని మగవాటికంటే మొక్కని చాలా ఎక్కువసార్లు గుచ్చుతాయి. అలా గుచ్చిన చోట కణం పూర్తిగా చావకుండా లాలాజలం మాత్రం దిగుతుంది, వైరస్‌కి కావాల్సింది అదే. పురుగు నడవడికనే వైరస్ తనకి అనుకూలంగా మార్చుకుంటోందన్న మాట. ఇది చదివినప్పటి నుంచి ఈ పురుగుని మామూలు రసం పీల్చే పురుగుల లెక్కలో వేయలేకపోతున్నాను.

ఎర్రనేల:
ఇంత లోతు దేనికండీ, రెండు మందులు కలిపి గట్టిగా కొడితే సరిపోతుంది. మిరపలో మేం అలాగే చేస్తాం. ఒకటి పైరిథ్రాయిడ్, ఒకటి ఇంకోటి.

పొలంగట్టు:
ఎర్రనేల గారూ, మీ మాట కాదంటున్నానని ఏమీ అనుకోవద్దు. ఈ పురుగు విషయంలో ఆ పద్ధతి వికటించడం చాలా పంటల్లో చూశాం. గుడ్డు ఆకు కండలోపల ఉంటుంది, మందు తగలదు. ప్యూపా నేలలో, రాలిన ఆకుల కింద ఉంటుంది, మందు తగలదు. పిల్లలు పువ్వులో, ముడిచిన మొవ్వులో దాక్కుంటాయి, సగం తగులుతుంది. మీరు కొట్టిన రోజు చనిపోయేది గుంపులో ఒక భాగమే. గుడ్డు నుంచి గుడ్డు దాకా వేడి రోజుల్లో రెండు వారాలు చాలు. ఆడదానికి మగతో జత కట్టకుండా కూడా పిల్లలు పుడతాయి, అలా పుట్టినవన్నీ మగవే. అందుకే మిగిలిన కొద్దిపాటి నుంచే మళ్లీ గుంపు కడుతుంది.

పైరిథ్రాయిడ్ సంగతి ఇంకా ఇబ్బంది. అది తామర పురుగుని తినే ఓరియస్ అనే మిత్ర పురుగుని ముందు చంపుతుంది. ఓరియస్ పువ్వులోపలికి దూరి పిల్లల్నీ పెద్దల్నీ పొడిచి తింటుంది, మనం మందు చేర్చలేని చోటికి అది చేరుతుంది. అది పోయిందంటే తర్వాత వచ్చే తామర పురుగులకి అడ్డు లేదు. పైరిథ్రాయిడ్ కొట్టిన కొన్నాళ్లకి పురుగు ముందుకంటే ఎక్కువయ్యిందని రైతులు చెప్పేది ఊరికే కాదు.

ఎర్రనేల:
మిత్ర పురుగుల మాట ఒప్పుకుంటాను. కానీ మిరపలో పై ముడత వచ్చి చేను మొత్తం గిడసబారిపోతుంటే చూస్తూ ఊరుకోలేం కదా.

పొలంగట్టు:
ఊరుకోమనడం లేదు. మిరప పై ముడతకి, ఇక్కడ మాట్లాడుతున్న వైరస్‌కి తేడా ఉంది, అది గుర్తుపెట్టుకుంటే చాలు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనె ఆకారంలోకి వస్తే తామర పురుగు నేరుగా రసం పీల్చిన దెబ్బ. కిందికి ముడుచుకుంటే నల్లి. ఈనెలు మందమై, ఆకులు చిన్నవై, మొక్క గుబురుగా కుంగిపోతే తెల్లదోమ తెచ్చే బొబ్బర తెగులు. మొదటి రెండింటిలో పురుగుని తగ్గిస్తే కొత్త చిగురు బాగా వస్తుంది, అక్కడ మందుకి ఫలితం ఉంటుంది. వైరస్ పట్టిన మొక్కకి మాత్రం ఏ మందూ లేదు.

మందు కొట్టాల్సి వస్తే, అది పురుగు మీద పని చేసే తీరుని బట్టి ఇచ్చే గ్రూపు నంబరు చూడండి. స్పైనోశాడ్, స్పైనెటోరామ్ రెండూ 5వ గ్రూపే, పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు. ఫిప్రోనిల్ 2వ గ్రూపు. ఒక తరం పురుగుకి ఒక గ్రూపు, తర్వాతి తరానికి ఇంకో గ్రూపు. స్పైనోశాడ్ తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకి ప్రమాదం, కాబట్టి సాయంత్రం అవి తిరగడం ఆగాక కొట్టాలి. మోతాదు డబ్బా మీద ఉన్నదే.

వేరుచూపు:
వేరుశనగ వేసేవాడిగా నా మాట కూడా కలుపుతాను. మొవ్వుకుళ్ళు మాకు పాత శత్రువు. మొదట లేత ఆకుల మీద వెలిసిన ఉంగరాలు, తర్వాత కొస మొవ్వు ఎండి నల్లబడుతుంది, పక్క కొమ్మలు పొట్టిగా గుబురుగా వస్తాయి. దీన్ని మోసేది థ్రిప్స్ పామి అనే రకం. మా పంటలో జబ్బు ఎక్కువగా బయటి నుంచి ఎగిరొచ్చే పురుగులతోనే వస్తుంది, చేనులో మొక్క నుంచి మొక్కకి పాకేది తక్కువ. అందుకే పంట మీద కొట్టే మందుతో పెద్దగా లాభం కనపడదు.

పని చేసింది వత్తుగా విత్తడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, వత్తుగా ఉంటే జబ్బు పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ ఎగిరొచ్చే పురుగు నేల రంగుకీ ఆకు రంగుకీ ఉన్న తేడా చూసి వాలుతుంది. మొక్కలు పలచగా ఉండి మధ్యలో నేల కనపడితే ఎక్కువ వాలతాయి. త్వరగా సాళ్లు కమ్మేస్తే తక్కువ. పైగా వచ్చిన పురుగులు ఎన్నైతేనేం, ఎక్కువ మొక్కలున్న చోట జబ్బు పడిన శాతం తగ్గుతుంది, మిగిలిన మొక్కలు ఆ ఖాళీని పూడ్చేస్తాయి. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు వేరుశనగకి ఇచ్చే ముప్పు లెక్కలో కూడా విత్తే సమయం, రకం, మొక్కల సాంద్రత, ఇవన్నీ కలిపి చూస్తారు.

చిగురు:
2000లో అనంతపురంలో వేరుశనగ దెబ్బతిన్నది ఈ మొవ్వుకుళ్ళు వల్లేనా?

వేరుచూపు:
మొదట అందరూ అదే అనుకున్నారు, లక్షణాలు అంత దగ్గరగా ఉన్నాయి. పరీక్షలు చేశాక తేలింది వేరే వైరస్, టొబాకో స్ట్రీక్ వైరస్. తెగులు పేరు కాండం కుళ్ళు. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో కనపడింది. అది పాకే దారే వేరు. సూక్ష్మదర్శిని గారు బాగా చెబుతారు.

సూక్ష్మదర్శిని:
అక్కడ తామర పురుగు వైరస్‌ని ఒంట్లో పెంచదు. వైరస్ ఉండేది పుప్పొడిలో. వయ్యారిభామ మొక్కకి ఆ వైరస్ సోకినా పైకి ఏ గుర్తూ కనపడదు, పచ్చగా పూస్తూ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి వచ్చి వేరుశనగ ఆకుల మీద పడుతుంది, పురుగుల ఒంటికి అంటుకుని కూడా వస్తుంది. తామర పురుగు ఆకుని గోకి గుచ్చినప్పుడు పడే గాయంలోంచి పుప్పొడిలోని వైరస్ లోపలికి దిగుతుంది. ఏ వయసు పురుగైనా, ఏ రకం పురుగైనా గాయం చేస్తే చాలు. పొద్దుతిరుగుడులో వచ్చే నెక్రోసిస్ తెగులు కూడా ఇదే వైరస్ వల్ల. అందుకే వేరుశనగ పక్కన పొద్దుతిరుగుడు వద్దంటారు.

దీనికి విరుగుడు పూత రాకముందే వయ్యారిభామని పీకడం. పూత వచ్చాక పీకితే సగం నష్టం అప్పటికే జరిగిపోతుంది. చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్నో సజ్జో ముందుగా పెంచితే గాలివాటున వచ్చే పుప్పొడికీ పురుగుకీ అది అడ్డు.

గట్టు మీద ఒక పరీక్ష చేసి చూడండి. వయ్యారిభామ పూగుత్తి ఒకటి తెంపి, అరచేతిలో తెల్ల కాగితం మీద తట్టండి. పూల మధ్యలోంచి జారిపడిన పురుగు ఒక్క క్షణం కదలకుండా ఉండి, తోక కొస పైకెత్తి నడుస్తుంది. దాని వీపు మీద, కాళ్ల వెంట్రుకల్లో పసుపు రేణువులు అంటుకుని ఉంటాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. ఒకసారి అది కళ్లారా చూస్తే గట్టు మీద కలుపుని ఇక వదలబుద్ధి కాదు.

కుండీతోట:
నాది కుండీల్లో పెంచే తోట, కూరగాయలతో పాటు చామంతి, డాలియా కూడా. చామంతి ఆకుల మీద గోధుమ మచ్చలు, కాండం మీద నల్ల చారలు వచ్చాయి. పక్క కుండీలో టమాటా ఉంది. కత్తిరించిన కొమ్మలు నాటుకోవచ్చా? కత్తెర వల్ల పాకుతుందా?

సూక్ష్మదర్శిని:
కొమ్మలు నాటకండి కుండీతోట గారూ. ఈ వైరస్ కత్తిరింపుల్లో, దుంపల్లో నేరుగా వెళ్తుంది. డాలియా దుంప దాచి మళ్లీ నాటితే వైరస్‌ని కూడా దాచినట్టే. టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ వెయ్యికి పైగా మొక్కల జాతులకు సోకుతుంది, అందులో పూల మొక్కలు చాలా ఉన్నాయి. పడమటి అమెరికాకి చెందిన ఫ్రాంక్లినియెల్లా ఆక్సిడెంటాలిస్ అనే తామర పురుగు 1980ల నుంచి ప్రపంచమంతా పాకింది పూల మొక్కల వ్యాపారంతోనే. కత్తెరతో పాకడం మాత్రం తోటల్లో పెద్ద ముప్పు కాదు. టొబాకో మొజాయిక్ లాంటి మొండి వైరస్ కాదిది, మొక్క బయట త్వరగా చచ్చిపోతుంది.

మీలాంటి చిన్న తోటకి పనికొచ్చే ఉపాయం ఒకటి ఉంది. రెండు మూడు పెటూనియా కుండీలు తెచ్చి, పూలన్నీ తుంచేసి, పక్కన నీలి రంగు అట్ట ఒకటి గుచ్చి తోటలో అక్కడక్కడా పెట్టండి. జిగురు అవసరం లేదు. రంగు చూసి వచ్చిన పురుగులు పూలు లేక ఆకుల్ని గోకుతాయి. మామూలు పురుగు గోకితే తెల్లటి గీత ఉండిపోతుంది. వైరస్ మోసే పురుగైతే మూడు నాలుగు రోజుల్లో ఆ గీత చుట్టూ నల్లటి, ముదురు గోధుమ రంగు అంచు వస్తుంది. పెటూనియాలో ఆ మచ్చ అక్కడే ఆగుతుంది, మొక్కంతా పాకదు, కాబట్టి అది జబ్బుకి కొత్త పుట్ట అవదు. ఖరీదైన పరీక్ష లేకుండానే మీ దగ్గరున్న పురుగులు వట్టివా, వైరస్‌వా తెలిసిపోతుంది.

కుండీతోట:
చాలా మంచి మాట చెప్పారు. చామంతి తీసేస్తున్నాను. మట్టి కూడా పారేయాలా?

పొలంగట్టు:
వైరస్ మట్టిలో ఉండదు. ఉండేది ప్యూపాలు. కుండీ పైమట్టి రెండు మూడు అంగుళాలు తీసి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో కొన్ని వారాలు ఉంచితే చచ్చిపోతాయి. మొక్కని పీకేటప్పుడు ముందు సంచి తొడిగి, మూతి బిగించి అప్పుడు పెకలించండి. ఊపుతూ పీకితే పెద్ద పురుగులన్నీ లేచి పక్క మొక్కల మీద వాలతాయి. చాలామంది జబ్బు మొక్కని పీకి అక్కడే గట్టు మీద వేస్తారు. మొక్క వాడేకొద్దీ పురుగులు దాన్ని వదిలి పచ్చటి మొక్కలకి వెళ్తాయి.

మొవ్వాకు:
ఇప్పుడు నాకు దారి కనపడుతోంది. జబ్బు మొక్కలు సంచిలో తీసేస్తాను, చుట్టూ కలుపు తీస్తాను. మిగిలిన మొక్కలకి ఇంకేం చేయొచ్చు? వచ్చే పంటకి నారు దశలో ఏం చూసుకోవాలి?

పొలంగట్టు:
మీ తోటలో ఇప్పుడు అన్నిటికంటే విలువైన పని జబ్బు మొక్కల మీద పిల్ల పురుగులు పెరగకుండా చూడటం. వైరస్ మొక్క మీద పుట్టిన పిల్లలే రేపటి రెక్కల పురుగులు. కాబట్టి జబ్బు కనపడిన రోజే తీసేయండి, కాయలున్నాయని ఆగొద్దు. ఆరోగ్యంగా ఉన్న మొక్కల మీద పిల్లల్ని తగ్గించడానికి వేప మందు, లేదంటే స్పైనోశాడ్, రెండు పిచికారీలు వారం లోపు తేడాతో. ఆకు అడుగుకీ పూలకీ తగిలేలా కొట్టాలి. కలుపు విషయంలో ఒక జాగ్రత్త. పూత మీదున్న కలుపుని, పక్కన లేత టమాటా ఉండగా ఒక్కసారిగా కోసేస్తే పురుగులన్నీ మీ మొక్కల మీదికే వస్తాయి. నాటడానికి కొన్ని వారాల ముందే కలుపు తీసేసుకోవాలి. ఇప్పుడు తప్పదంటే ముందు కలుపు మీద పిచికారీ చేసి, మర్నాడు తీయండి.

నారు గురించి చెప్పాలంటే, మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు వైరస్ పడితే నష్టం అంత ఎక్కువ. నాటిన మొదటి నెల కాపాడగలిగితే తర్వాత సోకినా కొంత పంట చేతికొస్తుంది. నారుమడి మీద సన్నకన్ను వల కట్టండి. మామూలు దోమతెర కన్నుల్లోంచి ఈ పురుగు దూరిపోతుంది, ఇది మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రాణి. నాటాక వెండి రంగు మల్చింగ్ షీటు వేస్తే దాని మీంచి తిరిగి కొట్టే కాంతికి పురుగు వాలడం తగ్గుతుంది. మొక్కలు పెరిగి షీటుని కప్పేశాక ఆ ప్రభావం ఉండదు, కానీ మనకి కావాల్సింది ఆ మొదటి నెలే.

చిగురు:
నీలి జిగురు అట్టలు పెడితే పురుగు తగ్గుతుందా?

పొలంగట్టు:
తగ్గదు. ఎప్పుడొచ్చాయో తెలుస్తుంది, అంతే. దానికి మాత్రం చాలా బాగా పనికొస్తాయి.

ఎర్రనేల:
తట్టుకునే రకాలు లేవా? ఇన్ని జాగ్రత్తలు పెద్ద చేనులో కష్టం.

సూక్ష్మదర్శిని:
టమాటాలో ఉన్నాయి ఎర్రనేల గారూ. ఎస్‌డబ్ల్యూ-5 అనే జన్యువు, పెరూ అడవి టమాటా నుంచి వచ్చింది. అది ఉన్న హైబ్రిడ్లు స్పాటెడ్ విల్ట్ వైరస్‌ని చాలా ఏళ్లు బాగా ఆపాయి. మిరప, క్యాప్సికంలో టీఎస్‌డబ్ల్యూ అనే జన్యువు ఉంది. కానీ రెండింటినీ దాటేసిన వైరస్ రకాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. పైగా స్పాటెడ్ విల్ట్‌ని ఆపే జన్యువు ఈ జాతిలోని మిగతా వైరస్‌లన్నిటినీ ఆపుతుందనే హామీ లేదు. విత్తనం కొనేముందు ఏ వైరస్‌కి తట్టుకుంటుందో పేరుతో సహా అడగండి. ఆ రకం వేసినా కలుపు, నారు జాగ్రత్తలు ఆపొద్దు. పురుగు ఒత్తిడి ఎక్కువున్న చోటే ఆ జన్యువు త్వరగా ఓడిపోతుంది.

మొవ్వాకు:
ఇంకొక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఉంగరాలు పడిన ఆ పండు నుంచి విత్తనం తీసి దాచుకోవచ్చా? అది ఇంట్లో ఏళ్లుగా కాపాడుకుంటున్న రకం.

సూక్ష్మదర్శిని:
స్పాటెడ్ విల్ట్ వైరస్ విత్తనం ద్వారా రాదు మొవ్వాకు గారూ, ఆ భయం అక్కర్లేదు. జబ్బు మొక్క మీద కాయ సరిగ్గా ఎదగక గింజ తాలుపోతుంది, మొలక శాతం తగ్గుతుంది, అంతే తేడా. కానీ అదే మొక్కలో టొబాకో మొజాయిక్ లాంటిది కూడా ఉంటే అది గింజ పైపొర మీద నిలిచి ఉంటుంది. ఆకుల్లో ముదురు, లేత పచ్చ మచ్చలు కలగలిసి కనపడలేదు కదా? లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న ఇంకో మొక్క అదే రకానిది మిగిలి ఉంటే దాని పండు నుంచే తీయండి. అది కూడా లేకపోతే ఈ పండు గింజల్నే గుజ్జు పులియబెట్టి, బాగా కడిగి, నీళ్లలో తేలినవి పారబోసి, మునిగినవి నీడలో ఆరబెట్టుకోండి.